తాడు బామ్మర్ది చేతిలో

మా బావకు బేరమంటే పిచ్చి. ఊరికే అనడం లేదు. దవాఖానాలో మా అక్కకు సెలైన్ ఎక్కుతుంటే, పక్క మంచం మనిషి చేతి గడియారం చూసి ఎంతకిస్తావని అడిగాడాయన. నాకేమో ముక్కు మీద కోపం. దుకాణంలో ధర చెప్పగానే ఇచ్చి బయటపడతాను, లేదా అరిచి బయటపడతాను. మధ్యలో ఉండేది నాకు చేతకాదు. ఇద్దరం కలిసి నీళ్లలోకి దిగడానికి వాడే సామాన్లు కొన్న ఈ ఏళ్లలో నా తల ప్రాణం తోకకొచ్చింది. ఒకసారైతే ఆ బేరమే బావ ప్రాణం మీదికి తెచ్చింది.

ముందు మా పనేమిటో చెప్పాలి. గోదావరి ఒడ్డున, పొలాలకు నీళ్లు తోడే పంపుల దగ్గర, పెద్ద గుండ్రటి కాంక్రీటు బావులుంటాయి. నది నీళ్లు ఒక ఇనుప జాలీ గుండా ఆ బావిలోకి వస్తాయి. తెగిన చేపల వలలు, గడ్డి, చీరలు, ప్లాస్టిక్ సంచులు కొట్టుకొచ్చి ఆ జాలీకి అడ్డం పడితే పంపుకు నీళ్లందవు. అప్పుడు మాకు ఫోన్ వస్తుంది. బావ గాలి సిలిండర్ వీపుకు కట్టుకుని అడుగుకు దిగి జాలీ శుభ్రం చేస్తాడు. నేను పైన తాడు పట్టుకుంటాను.

ఆ తాడు నేనే పట్టుకోవాలి. తాతల కాలం నుంచి మా ఇళ్లలో బావుల పూడిక తీసే పని. దిగేవాడి నడుముకు కట్టిన తాడు వాడి బామ్మర్ది చేతిలోనే ఉండాలని మా వాళ్ల పద్ధతి. అన్నదమ్ములకు పొలం గట్ల తగాదాలుంటాయి, స్నేహితుడికి మధ్యలో ఫోనొస్తుంది. బామ్మర్ది మాత్రం, బావ మీద ఎంత మండిపోతున్నా, అక్క మొహం గుర్తొచ్చి తాడు వదలడు. బావ కొన్నాళ్లు బొగ్గు గనిలో పంపుల దగ్గర కాంట్రాక్టు పని చేశాడు. అక్కడ కూడా నీళ్ల గుంటలో దిగాల్సి వస్తే నన్ను పిలిపించుకునేవాడు. అక్క పెళ్లయిన కొత్తలో నాకు ఒకటే మాట చెప్పింది: "తమ్మీ, నీకు జరమొచ్చిన రోజు ఆయనకు పని బంద్. తాడు పరాయోని చేతికియ్యకు."

మొదట్లో బావ ఊపిరి బిగబట్టి దిగేవాడు. తర్వాత, విశాఖ నుంచి వచ్చిన డైవర్ల దగ్గర కూలీగా చేరి సిలిండర్ విద్య నేర్చుకున్నాడు. వాళ్లు వెళ్లిపోతూ ఒక పాత మాస్క్ ఇచ్చారు. అక్కడ అంటుకుంది బావకు ఈ సామాన్ల పిచ్చి. మా ఖమ్మంలో ఇవి ఎవడు అమ్ముతాడు? మిర్చి బస్తాలు కుట్టే సూది అడిగితే పది దుకాణాలు చూపిస్తారు గానీ, నీళ్లలో ఈదడానికి కాళ్లకు వేసుకునే ఫిన్స్ అంటే ఫ్యాన్ల దుకాణానికి పంపిస్తారు. అందుకని రైలెక్కి విశాఖ పోయి, ఓడరేవు దగ్గర పాత సామాన్ల దుకాణాల్లో పొద్దంతా తిరిగేవాళ్లం.

రెగ్యులేటర్ అక్కడే కొన్నాడు. సిలిండర్లో బిగించి ఉన్న గాలిని మనిషి ఊపిరికి తగ్గట్టు తగ్గించి నోటికి అందించేది అది. దాని రబ్బరు ముక్క మీద ఎవరివో పళ్ల గాట్లున్నాయి. ఎవడో కొరికి పారేసిన దానికి ఇంత ధర ఏందన్నా అని బావ మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. చివరికి దుకాణదారు అన్నానికి పోవాలని ఇచ్చేశాడు. ఫిన్స్ ఒకటి నీలం, ఒకటి పసుపు. గాలి నింపుకునే జాకెట్‌కు చిల్లు ఉంటే, ఖమ్మంలో పంక్చర్ దుకాణంలో ముక్క వేయించాడు. బావ కొన్న ప్రతి వస్తువుకూ ఒక అవయవం తక్కువ. నేను అరిచేవాణ్ని. ఆయన నవ్వేవాడు. "నీళ్లల్ల నా అందం ఎవడు జూస్తడు బామ్మర్దీ" అనేవాడు.

నా డబ్బుతో నేను కొన్నది ఒక్కటే. చంకలో పట్టేంత చిన్న సిలిండర్, దానికి విడిగా ఒక రెగ్యులేటర్. పెద్ద సిలిండర్‌కు ఏమైనా అయితే పైకి వచ్చేదాకా సరిపోయే గాలి అందులో ఉంటుంది. కొత్తది, పెట్టె తెరవనిది, చెప్పిన ధరకే కొన్నాను. బేరం చేయకుండా కొన్నానని తెలిసి బావ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. దానికి మహారాణి అని పేరు పెట్టాడు. దాన్ని ఒంటికి కట్టుకోమంటే పనికి అడ్డమనేవాడు. నేను ఊరుకోలేదు. దానికి ఒక ఇనుప దిమ్మ కట్టి, ఒక ఉక్కు కడియం బిగించి, ఆ కడియంలోంచి బావ తాడు దూర్చేవాణ్ని. వేరే సన్న తాడుతో మహారాణిని బావి మధ్యలో వేలాడదీసేవాణ్ని. సన్న తాడు వదిలితే అది పెద్ద తాడు వెంబడే జారి సూటిగా బావ దగ్గరికి పోవాలి. ప్రతిసారీ వేలాడదీయడం, ప్రతిసారీ ఆయన వెక్కిరించడం, మళ్లీ నేను తుడిచి సంచిలో పెట్టుకోవడం. అది ఏనాడూ అవసరపడలేదు.

గాలి నింపించడమే మాకు పెద్ద తలనొప్పి. దానికి ప్రత్యేకమైన కంప్రెసర్ కావాలి. అది మా వైపు లేదు. బస్సు పార్సిల్ వాళ్లు సిలిండర్ చూస్తే ముట్టుకోరు. కోస్తా నుంచి ఖమ్మానికి చేపలు తెచ్చే వ్యాను డ్రైవర్‌ను బతిమాలి, ఖాళీ సిలిండర్లు విశాఖ పంపి నింపించి తెప్పించేవాళ్లం. ఆయనకు కుదిరినప్పుడే మాకు గాలి. ఈలోగా పనులు చేజారిపోయేవి. అందుకే బావ రాత్రింబగళ్లు ఫోన్లో సెకండ్ హ్యాండ్ గ్రూపులు తిరగేసేవాడు. పోయిన మాఘమాసంలో దొరికింది. గోవాలో ఎవరో డైవింగ్ దుకాణం మూసేస్తున్నారట, కంప్రెసర్ సగానికి సగం ధర. గుడ్ కండిషన్ అని రాశాడు అమ్మేవాడు. ఫొటోలు చూపిస్తుంటే బావది పెళ్లికొడుకు మొహమైంది.

లారీలో వచ్చింది. విప్పితే యంత్రం బాగానే ఉంది. ఫిల్టర్ డబ్బా మాత్రం ఖాళీ. పీల్చిన గాలిలోని దుమ్ము, తేమ, నూనె ఆవిరి ఆపేది ఆ డబ్బాలో ఉండే మందు. గోవా ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. కొత్త ఫిల్టర్ తెప్పించాలంటే ఆలస్యం, పైగా ధర విని బావ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. నీళ్ల ఫిల్టర్ల దుకాణంలో బొగ్గు పొడి కొన్నాడు, మార్కెట్లో శుభ్రమైన పత్తి తెచ్చాడు. పొరలు పొరలుగా కూరి డబ్బా మూశాడు. లోపల ఉండేది బొగ్గే కదా, కంపెనీ బొగ్గుకు బంగారు పూత ఉంటదా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కానీ ఇంకో మాట అనడానికి నా దగ్గరా చదువు లేదు.

యంత్రానికి త్రీఫేజ్ కరెంటు కావాలి. కిరాయి తక్కువని మార్కెట్ యార్డు వెనక గోడకు ఆనుకుని ఉన్న రేకుల షెడ్డు తీసుకున్నాం. అక్క అదే యార్డులో మిర్చికి తొడిమలు తీసే పనికి పోతుంది. మధ్యాహ్నం అన్నం తెచ్చివ్వడానికి దగ్గరని ఆమె కూడా సంతోషించింది. అది మిర్చి దిగే కాలం. ఆ రోజుల్లో ఖమ్మంలో ఆ వీధిలో నడిచేవాడెవడైనా తుమ్ముతూనే నడుస్తాడు. టీ కొట్టువాడు తుమ్మి టీ ఇస్తాడు, మనం తుమ్మి తాగుతాం. ఎవరూ దాన్ని తుమ్ము అనుకోరు.

గాలి నింపాక వాసన చూడాలని విశాఖవాళ్లు మొట్టమొదట నేర్పారు. మూత కొంచెం తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చాలి. నూనె కంపు గానీ పొగ వాసన గానీ వస్తే ఆ సిలిండర్ పనికిరాదు. మేం షెడ్డులోనే నిలబడి చూశాం. బావ పీల్చాడు, నేను పీల్చాను. నూనె లేదు, పొగ లేదు. గొంతులో కాస్త గరగర అనిపించింది. గొంతు గరగర అననిదెప్పుడు ఆ షెడ్డులో? బావ తలుపుకు తాళం వేస్తూ, ఇక మనకు చేపల వ్యాను బాధ తప్పింది బామ్మర్దీ అని నా వీపు చరిచాడు.

ఆ వారమే ఫోన్ వచ్చింది. భద్రాచలానికి ఎగువన, అడవి అంచున ఒక పంపు ఆగిపోయింది. యాసంగి వరి పొట్ట మీద ఉంది. రెండు రోజులు నీళ్లు పారకపోతే తాలు తప్ప గింజ ఉండదు. తెల్లవారేసరికి చేరుకున్నాం. ఇప్పపూలు ఏరడానికి బుట్టలతో పోతున్న ఆడవాళ్లు మా సిలిండర్లు చూసి కోయ భాషలో ఏదో అనుకుని నవ్వుకున్నారు. బావి చుట్టూ అప్పటికే రైతులు నిలబడి ఉన్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఒకాయన మాత్రం నా దగ్గరికొచ్చి, జల్దీ అయితదా అన్నా అని అడిగి, జవాబు వినకుండానే పొలం వైపు చూశాడు.

పంపు ఆపరేటర్ దగ్గర నుంచి ఫ్యూజులు తీసుకుని నా చొక్కా జేబులో వేసుకున్నాను. బావ పైకి వచ్చేదాకా అవి నా దగ్గరే ఉంటాయి. ఎవరైనా తొందరపడి మోటారు వేస్తే జాలీ దగ్గరున్న మనిషిని నీళ్లు లాగేసుకుంటాయి. మహారాణికి కడియం దూర్చి మధ్యలో వేలాడదీశాను. బావ మాస్క్ పెట్టుకుంటూ చూశాడు. "దీన్ని గూడ తానానికి తెచ్చినవా?" అన్నాడు. ఆయన నడుముకున్న తాడు ముడి ఇంకోసారి లాగి చూశాను. ఇనుప నిచ్చెన పట్టుకుని నీళ్లలోకి జారాడు.

అక్కడ నాలుగు నిలువుల లోతు. దిగాక ఏమీ కనబడదు, అంతా చేతితడుముడే. తాడు ఒకసారి లాగితే బాగున్నానని, రెండుసార్లు లాగితే తాడు వదులు చెయ్యమని, మూడుసార్లు లాగితే పైకి లాగమని. ఇంకా నాకు తెలిసిన గుర్తు బుడగలు. బావ ఊపిరి వదిలినప్పుడల్లా ఒక గుత్తి పైకొస్తుంది, కాసేపు ఆగుతుంది, మళ్లీ ఒక గుత్తి. ఆ వరుస నాకు నిద్రలో కూడా తెలుసు. కాసేపటికి తెగిన గడ్డి, వల ముక్కలు తేలడం మొదలైంది. తాడు ఒకసారి కదిలింది. బాగున్నాడు.

ఇంకాసేపటికి వరుస తప్పింది. బుడగలు గుత్తులుగా కాకుండా చిల్లర చిల్లరగా, ఒకదాని మీద ఒకటి వచ్చాయి. తాడులో వణుకు తెలిసింది. లాగడం కాదది, వణుకు. నేను ఒకసారి లాగి అడిగాను. జవాబు లేదు. మళ్లీ లాగాను. వణుకే వచ్చింది. బావి మీదికి వంగి చూస్తుంటే నా కన్ను చురుక్కుమంది. దగ్గొచ్చింది. నా వెనక ఆపరేటర్ తుమ్మాడు.

అడవి పక్కన, ఇప్పపూల వాసన తప్ప ఇంకేమీ లేని ఆ పొద్దున, బావి నీళ్లలోంచి మిర్చి ఘాటు వస్తోంది.

నాకు అప్పుడు తెలిసింది. బావ సిలిండర్లో ఉన్నది మా షెడ్డు గాలి. యార్డు గోడ అవతల కుప్పలు తిరగేస్తుంటే లేచిన కారాన్ని ఆ యంత్రం పీల్చి, పత్తినీ బొగ్గునూ దాటించి, బిగించి బిగించి నింపింది. ఖమ్మంలో మా ముక్కులకు అది తెలియలేదు. నాలుగు నిలువుల లోతులో బావ దాన్నే ఊపిరిగా పీలుస్తున్నాడు. అక్కడ దగ్గితే ముక్కులోంచి గాలి మాస్క్‌లోకి పోతుంది. కళ్లు కూడా తెరవలేడు.

తాడు లాగాను. కొంచెం వచ్చి ఆగిపోయింది. గట్టిగా లాగాను. కదల్లేదు. కిందెక్కడో వల ఆయన కాలికి చుట్టుకుంది. రైతులు నలుగురు పరిగెత్తుకొచ్చి తాడు మీద చేతులు వేశారు. నలుగురు కలిసి లాగితే వల తెగదు, ఆయన నోట్లోది ఊడి వస్తుంది. తాడు ముట్టుకోవద్దని నేను అరిచిన అరుపుకు వాళ్లు వెనక్కి జరిగారు. అంత బలంగా నేను జీవితంలో ఎవరినీ కసరలేదు.

పెద్ద తాడును బిగువుగా పట్టి, కాలితో గోడకు తన్ని నిలబడి, సన్న తాడు వదిలేశాను. మహారాణి జారింది. కడియం గీసుకుంటూ పోవడం నా అరచేతుల్లో తెలిసింది. కింద దేనికో తగిలి ఆగింది.

బుడగలు ఆగిపోయాయి.

నోట్లోది తీసి ఇంకొకటి పెట్టుకునేటప్పుడు ఊపిరి ఆపాలి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా నాకు భయం వేసింది. నీళ్లు నున్నగా అయిపోయాయి. గడ్డి పరక ఒకటి తేలుతూ గోడ దగ్గరికి వచ్చింది. అక్క కనబడింది నాకు, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని తొడిమలు తీస్తూ, తల ఎత్తకుండా. ఆమెకు ఏ మొహంతో చెప్పాలో తెలియక, ఇంకా ఏమీ కాకముందే నేను ఏడుస్తున్నాను.

ఒక గుత్తి వచ్చింది. ఆగింది. ఇంకో గుత్తి వచ్చింది.

తాడు ఒకసారి కదిలింది. చాలాసేపు అంతే. వల కోస్తున్నాడని తెలుస్తోంది. తర్వాత మూడుసార్లు లాగాడు.

నిచ్చెన దగ్గర పైకి తేలిన మనిషిని నేను గుర్తుపట్టలేదు. కళ్లు వాచిపోయి గీతల్లా ఉన్నాయి. గట్టు మీద పడి దగ్గాడు, కక్కాడు, మళ్లీ దగ్గాడు. రైతొకాయన మట్టికుండలో నీళ్లు తెచ్చి ఆయన మొహం మీద పోస్తూనే ఉన్నాడు. నేను పక్కన కూర్చుని నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. గోవా ఆయనను, బొగ్గు పొడిని, బావ తాతముత్తాతలను, మేనరికం కాబట్టి మా వాళ్లనే, ఎవరినీ వదల్లేదు. బావ తడుముకుంటూ నా మోకాలి మీద చెయ్యి వేసి ఉంచాడు. జాలీ సగమే శుభ్రమైంది. ఫ్యూజులు ఇచ్చేశాను, పంపు సగం నీళ్లతోనే నడిచింది. రైతులెవరూ మిగతా సగం గురించి అడగలేదు.

తిరుగు దారిలో, ఎవరికీ చెప్పొద్దని, జలుబు చేసిందందామని బావ అన్నాడు. సాయంత్రం అక్క యార్డు నుంచి మాకంటే ముందే వచ్చి ఉంది. గుమ్మంలోనే ఆయన మొహం చూసింది.

"ఇవి జలుబు కండ్లు గావు. నేను రోజు జూస్త, ఇవి మిర్చి కండ్లు. నీళ్లల్లకు మిర్చి యాడికెళ్లొచ్చింది?"

ఆమె మమ్మల్ని చూసింది, ఆటోలో ఉన్న సిలిండర్‌ను చూసింది. ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. రోజూ షెడ్డుకు అన్నం తెచ్చేది ఆమే.

"తమ్మీ, తాడు నీ చేతిల్నే ఉండెనా?"

"అవ్ అక్కా."

నా అరచేతులు తిప్పి చూసింది. తాడు ఒరుసుకుని తోలు లేచి ఉంది. మజ్జిగలో గుడ్డ ముంచి ముందు నా చేతులకు చుట్టింది, తర్వాత బావ కళ్ల మీద వేసింది. తిట్టవే అని ఆయనే అడిగాడు. ఆమె పోయి వాకిట్లో కూర్చుంది.

కళ్లు కాస్త తెరుచుకోగానే బావ కంప్రెసర్‌ను ఫోన్లో అమ్మకానికి పెట్టాడు. గుడ్ కండిషన్ అని రాశాడు. ఫిల్టర్ లేదని రాయమని నేను పోట్లాడాను. రాస్తే ఎవడు కొంటడు, మనకెవడన్న రాసిండా అన్నాడు.

రెండో రోజు కాకినాడ వైపు నుంచి ఒకతను ఫోన్ చేశాడు. నదిలో ఇసుక పడవలు మునిగితే తీసే పని అతనిది. బావ స్పీకర్ పెట్టాడు. అతను బేరం మొదలుపెట్టాడు, అచ్చం బావే. ఎక్కడ తగ్గాలో, ఎక్కడ నిట్టూర్చాలో అన్నీ తెలిసినవాడు. బావకు ఆడుకోవడానికి జోడీ దొరికినట్టయింది, వాచిన కళ్లతోనే నవ్వుతున్నాడు. చివరికి ధర కుదిరింది. రేపే బండి పంపిస్తానన్నాడతను. బావ ఊరికే, మాట కలపడానికి అడిగాడు.

"నువ్వు దిగితే తాడెవరు పడ్తరు?"

"మా ఆవిడ తమ్ముడండీ. ఇంకెవర్నీ నమ్మనండీ నేను."

బావ నవ్వు ఆగిపోయింది. నా చేతులకున్న గుడ్డ వైపు చూశాడు. వాకిట్లో అక్క చాట పక్కన పెట్టింది.

"అమ్ముత లేను తమ్మీ," అన్నాడు బావ. "దాంట్ల ఫిల్టర్ లేదు. నేను బొగ్గు గూరిన. నువ్వు యాడ కొన్నా ముందు ఆ డబ్బా ఇప్పి జూసుకో."

అతను అది కొత్త ఎత్తు అనుకున్నాడు. నవ్వి, సరే గురువుగారూ అని, ధర పెంచాడు. బావ వద్దన్నాడు. ఇంకా పెంచాడు. తన వస్తువుకు తను అడిగినదాని కంటే ఎక్కువ ఇస్తానన్న మాట బావ జీవితంలో అదే మొదటిసారి వినడం. ఫోన్ కట్ చేసి మంచం మీద బోర్లా పెట్టాడు.

కాసేపటికి లేచి చొక్కా వెతుక్కున్నాడు. యార్డుకు దూరంగా వేరే షెడ్డు చూడాలన్నాడు. పొద్దున్నే రైలెక్కి విశాఖ పోయి అసలు ఫిల్టర్ కొనాలన్నాడు.

"దుకాణంల నువ్వు మాట్లాడు బామ్మర్దీ," అన్నాడు. "నేను బయట నిలవడ్త."